ఎనిమిదో నాటి నార

పోయిన వారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో, ఫోన్‌లో ఒక ఫోటో వచ్చి పడింది. దుర్గిలో ఎవరో శిల్పి పాకలో, రాతిపొడి మధ్య, సగం చెక్కిన ఎద్దు బొమ్మ. మూపురం అయింది, గంగడోలు అయింది, కాళ్ళింకా రాతిలోనే ఉన్నాయి. పంపినవాడు మా పెదనాన్న కొడుకు, నాకు నెలల తేడాతో అన్న వరస. పెదనాన్న పోయి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది కాబట్టి, ఆయన పెంచిన పందెపు ఎద్దు బొమ్మను మా ఊరి మొదట్లో నిలబెడతాడట. బొమ్మ కింద చెక్కించాల్సిన మాటలు కూడా రాసి పంపి, తప్పులుంటే దిద్దమన్నాడు. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కనుక, మా వంశంలో ఎవరు శుభలేఖ అచ్చు వేయించుకున్నా దిద్దుడు పని నాకే వచ్చి పడుతుంది, అందులో వింతేమీ లేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఆ ఎద్దు గెలిచిన తిరునాళ్ళ పేర్లన్నీ వరసగా రాసి, చివర "ఇంటివాళ్ళే చేసిన ద్రోహం వల్ల మోకు తెగి కాలు పోగొట్టుకున్నది" అని ముగించాడు. అక్షరదోషం ఒక్కటి కూడా లేదు.

ఆ ఇంటివాళ్ళంటే మా నాన్న. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. బతికుండగా నోటితో అన్నది చాలక, ఇప్పుడు రాతి మీద ఎక్కించబోతున్నారు. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చింది తొందరగా పోదు, ఆ సంగతి నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం కోపంతో పాటు ఇంకొకటి వచ్చింది. అదేమిటో చెప్పాలంటే ముందు తాడు సంగతి చెప్పాలి.

ఇప్పుడు తాడు కావాలంటే కొట్టుకు పోయి నైలాన్ చుట్ట తెచ్చుకుంటున్నారు, పచ్చదో నీలందో. చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మా చిన్నతనంలో పల్నాడులో ఏ రైతు తాళ్ళు ఆ రైతే పేనుకునేవాడు. పశువును కట్టే పలుపు, ముక్కుతాడు, పగ్గం, బావి చేంతాడు, బండి మీద చొప్ప బిగించే మోకు, అన్నీ జనుము నారవే. జనుము కోసి, కట్టలు కట్టి, వాగు మడుగులో ముంచి పైన నాపరాళ్ళు పెడితే కొన్నాళ్ళకు ఊరుతుంది. ఆ రోజుల్లో మడుగు పక్కన నడవాలంటే ముక్కు మూసుకోవాల్సిందే, చీర కొంగుకు పట్టిన వాసన రెండు ఉతుకులకు గానీ పోయేది కాదు. ఊరిన కట్టెను మొదలు దగ్గర విరిచి లాగితే బెరడు నారై ఒలిచి వస్తుంది, దాన్ని బండ మీద బాది, ఉతికి, ఆరేసి పేనుతారు. విద్యంతా కట్టలను నీళ్ళలోంచి ఎప్పుడు తీయాలన్న దాంట్లోనే ఉంది. ముందు తీస్తే నార కట్టెను వదలదు, ఆలస్యమైతే నారే చచ్చిపోతుంది. మా నాన్న ఏడో నాటి నుంచి రోజూ పొద్దున్నే మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, ఒక కట్టె తీసి, బొటనవేలి గోటితో గీరి, విరిచి లాగి చూసేవాడు. చలికాలమైతే దాదాపుగా ఎనిమిదో నాడు, ఎండలు ముదిరితే ఇంకా ముందే. అది ఎవరూ రాసిపెట్టింది కాదు, ఆయన వేళ్ళకు తెలుసు, అంతే.

అందుకే ఊరంతా తాళ్ళు పేనేవాళ్ళే అయినా, బండలాగుడు పందేనికి మోకు కావాలంటే మా గడపకే వచ్చేవాళ్ళు. తిరునాళ్ళలో ఎద్దుల జత చేత పెద్ద రాతి బండను లాగించే ఆ పందెం మీకు తెలిసిందే. కాడికీ బండకూ మధ్య ఉండేది మోకు ఒక్కటే. ఎద్దులెంత బలిసినవైనా, వాటిని మేపినవాడి మీసం ఎంత పొడుగైనా, ఆ బలమంతా మోకు మీదే ఆగుతుంది.

మీసమంటే గుర్తొచ్చింది, మా పెదనాన్న. మా చుట్టుపక్కల ఊళ్ళలో పంచాయితీ అంటే ఆయన, ఓట్లంటే ఆయన, ఎడ్ల పందేలంటే ఆయన. ఇంట్లో ఆయన లేచి నిలబడితే పెరట్లో కోడి కూడా అరవదని మా అమ్మ అనేది, ఆయన వినని చోట. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి అన్నదమ్ములు పంపకాలు చేసుకుని వేరుపడ్డారు, పొలం గట్టు దగ్గర మాటా మాటా అనుకున్నారు కూడా. అయినా ఇంటికి పెద్ద ఆయనే. ఆడపిల్ల మూడు మైళ్ళు నడిచి పక్క ఊరి హైస్కూలుకు పోవడమేందని ఆయన నస. మా నాన్న తన అన్నకు ఎదురు చెప్పిన ఒకే ఒక్క విషయం నా చదువు. పదో తరగతి పరీక్షలు రాయించేదాకా మాన్పించనని నిలబడ్డాడు. ఆ పిల్ల ఎప్పుడు తప్పు చేస్తుందా, ఎప్పుడు పలక పగలగొట్టి ఇంట్లో కూర్చోబెడదామా అని పెదనాన్న కాచుకుని ఉండేవాడు. ఆయన గురించి మంచిగా రాయడానికి నాకు ఇవాళ్టికీ చెయ్యి రాదు.

ఆ ఏడాదే మా సైన్సు మేష్టరు కణకవచం పాఠం చెప్పాడు. చెప్పాడంటే చెప్పలేదు, నోట్సు చదివాడు, మేం రాసుకున్నాం. మొక్కల్లో ప్రతి కణం చుట్టూ గట్టి గోడ లాంటి కవచం ఉంటుంది, అది సెల్యులోజ్ అనే పదార్థంతో అవుతుంది, సెల్యులోజ్ నీటిలో కరగదు, కణాల మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది, జంతుకణాలకు కవచం ఉండదు. గోగు, జనుము నారలన్నీ ఈ కవచాలేనని కూడా ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం విని నేను ఉలిక్కిపడ్డాను. మా నాన్న మడుగులో ముంచేది, బాదేది, పేనేది పుస్తకంలో ఉందంటే నా ఆనందం అంతా ఇంతా కాదు. నా బడి బతుకులో మొదటిసారి లేచి నిలబడి ప్రశ్న అడిగాను, అయితే నారను నీళ్ళలో ఎన్నాళ్ళైనా ఉంచొచ్చా అని. ఆ మహానుభావుడు తల ఎత్తకుండా, సెల్యులోజ్ నీటిలో కరగదని రాసుకున్నావా లేదా, ఇది పరీక్షలో రాదు, కూర్చో అన్నాడు. నేను దాన్ని జవాబనుకున్నాను. పరీక్షలో రానిది ఏదైనా పాఠం కాదనుకునే అలాంటి మేష్టర్లను తర్వాత నా ఉద్యోగంలో ఎందరినో చూశాను, ఒక్కడితోనూ నాకు పడలేదు.

శివరాత్రి తిరునాళ్ళకు పెదనాన్న ఎద్దులకు కొత్త మోకు కావాలి. వేరుపడ్డాక అన్న తనంతట తాను అడిగిన మొదటి పని అది. మా నాన్న ఆ సంతోషంలో ఆ ఏటి జనుమంతా మోకు కోసమే ఊరవేశాడు. ఎనిమిదో నాడు పొద్దున నేను బడికి పోతూ మడుగు మీదుగా వెళ్ళాను. ఆయన నీళ్ళలో నిలబడి ఒక కట్టె విరిచి లాగాడు, నార మొదలు నుంచి కొస దాకా ఒక్క లాగుకు వచ్చింది. ఇక తీసేయాలి అన్నాడు. నేను గట్టు మీద నిలబడి, పుస్తకాలు గుండెలకు హత్తుకుని, పాఠం అప్పజెప్పాను. నీళ్ళలో కరిగేది జిగురే, నారకేమీ కాదు, ఇంకొన్నాళ్ళుంచితే మురికంతా పోయి వెండిలా తెల్లగా వస్తుందని చెప్పాను. మా నాన్నకు సంతకం చేయడం తప్ప చదువు రాదు. చదువంటే ఆయనకు దేవుడంత భయం, భక్తి. ఆయన కాసేపు ఆ నార వంక చూసి, నా పుస్తకాల వంక చూసి, కట్టను మళ్ళీ నీళ్ళలోకి తోసి నాపరాయి పెట్టాడు. ఇంకో ఆరు రోజులుంచాడు.

నార నిజంగానే తెల్లగా వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి తాకి చూసి, పట్టులా ఉందన్నారు. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. పేనడానికి నాన్నకు నాలుగు రోజులు పట్టింది. పీచు రెండు చేతుల్లోకి తీసుకుని లాగి చూడటం, పక్కన పెట్టడం, మళ్ళీ తీసుకోవడం చూశాను గానీ దాని అర్థం నాకు తెలియలేదు. ఎప్పుడూ మూడు పేటలతో పేనే మోకును ఆసారి నాలుగు పేటలతో పేనాడు. తిరునాళ్ళ దగ్గరపడింది, వేరే నార లేదు, అన్నకిచ్చిన మాట ఉంది. అన్నిటినీ మించి, కూతురి పుస్తకం తప్పని తన వేళ్ళు చెబుతుంటే వేళ్ళనే అనుమానించాడు. ఈ చివరి మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

పందెం నాడు నేను అమ్మతో పాటు ఆడవాళ్ళ వైపు నిలబడి ఉన్నాను. పెదనాన్న ఎద్దులు సగం దూరం లాగాయి. జనం ఈలలు, దుమ్ము. ఆ తర్వాత పెద్ద చప్పుడేమీ కాలేదు, ఒక గుడ్డ చిరిగినట్టు వినిపించింది, అంతే. మోకు తెగింది, ముందుకు తూలిన జతలో దాపటి ఎద్దు, అంటే ఎడమ వైపుది, మోకాళ్ళ మీద పడి రాళ్ళ మీద ఈడ్చుకుపోయింది. లేవబోయి మళ్ళీ పడింది. దాని కాలు ఆ తర్వాత ఎప్పటికీ సరిగా రాలేదు. ఒక్క విషయం ఒప్పుకోవాలి, పెదనాన్న దాన్ని కటికవాడికి అమ్మలేదు, అది చచ్చేదాకా తన చేత్తోనే మేత వేశాడు. మనుషుల మీద చూపని దయ దాని మీద చూపాడు.

ఆ మైదానంలోనే, ఊళ్ళ వాళ్ళందరి ముందర, తెగిన మోకు కొసను విప్పి పేటలు లెక్కపెట్టాడు. నాలుగు. ఆ నాలుగో పేట చాలు ఆయనకు. "నార కుళ్ళిందని తెలియకపోతే నాలుగో పేట ఎందుకేశావురా? నా ఎద్దు గెలవడం చూడలేక చేశావు. ఒరేయ్, తమ్ముడివి కాదురా నువ్వు, పగోడివి" అన్నాడు. ఆ మాటలో తర్కముంది, అదే దాని పాపం. నార సంగతి తెలిసే నాలుగో పేట వేశాడన్నది నిజం. ఎందుకన్నది ఆ మైదానంలో ఇద్దరికే తెలుసు, నాన్నకూ నాకూ. మా నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. నేను నోరు తెరవబోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తెరవలేదు. మా అమ్మ వెనక్కి జరిగి నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక నాన్న నన్ను గడ్డివాము దగ్గరికి పిలిచి ఒక్క మాట అన్నాడు. "నోరు ఇప్పమాక అమ్మాయ్. నీ మాట విని చేశానని తెలిసిందంటే రేపటి నుంచి నీకు బడి లేదు. అన్న చానా రోజులుగా చూస్తన్నాడు." ఆ తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. ఆయన ఇంకెవరికీ మోకు పేనలేదు, ఎవరూ అడగనూ లేదు. కల్లం దగ్గర, సంతలో, పెళ్ళిళ్ళలో, ఆయన కనబడితే తాడు మీద ఏదో ఒక సామెత పడేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను పది పాసై, ఇంటరు, డిగ్రీ, ఆ పైన చదివి లెక్చరర్నయ్యాను. ఒక మనిషి పరువు ఖరీదుతో చదువుకున్నాను.

డిగ్రీ మొదటి ఏడాదిలో అసలు సంగతి తెలిసింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. సెల్యులోజ్ నీటిలో కరగదు, నిజమే. కరగడమనేది వేరు, తినబడటం వేరు. మడుగు నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు ముందు కణాల మధ్య జిగురును తింటాయి, మా నాన్న ఎనిమిదో నాడు లాగి చూసేది ఆ జిగురు అయిపోయిందా లేదా అనే. జిగురు అయిపోయాక వాటి ఆకలి తీరకపోతే కవచాన్నే మొదలుపెడతాయి. ఆ పేజీ చదివిన రోజు హాస్టల్లో అన్నం తినలేకపోయాను. తర్వాత ముప్పై ఏళ్ళు ఆ పాఠం నేనే చెప్పాను. బూజుకూ పుట్టగొడుగుకూ కవచం ఉంటుంది గానీ అది సెల్యులోజ్ కాదు, ఎండ్రకాయ పెంకులో ఉండే కైటిన్ అని. బాక్టీరియాకు ఇంకో రకం ఉంటుందని. ఉల్లిపొరను గాజుపలక మీద పరిచి ఎర్రరంగు వేసి మైక్రోస్కోపు కింద ఆ గోడలను చూపించి. జంతుకణానికి కవచం ఉండదు, పలచటి పొర మాత్రమే ఉంటుందని చెప్పేటప్పుడల్లా, ఈ పుస్తకం రాసినవాళ్ళు మా పెదనాన్నను చూసి ఉండరనుకునేదాన్ని. జనుము నార ఊసు వచ్చినప్పుడు మాత్రం ఏ పిల్ల లేచి ప్రశ్న అడిగినా, కూర్చో అని ఒక్కసారి కూడా అనలేదు.

మా నాన్న పోయిన నాడు పెదనాన్న వచ్చాడు. అన్ని ఏళ్ళ తర్వాత మా వాకిట్లో అడుగుపెట్టాడు కాబట్టి, ఎంతైనా తోడబుట్టినవాడు, కన్నీళ్ళు పెడతాడేమోనని జనమంతా చూస్తున్నారు. ఆయన పాడె దగ్గర నిలబడి, కర్రతో కట్లను తట్టి, "తాడు గట్టిదేనా చూడండ్రా, వీడి ఇంటి తాడు నమ్మడానికి లేదు" అన్నాడు. ఇద్దరో ముగ్గురో నవ్వారు కూడా. ఆ మాటకు నేను ఆయన్ను క్షమించలేదు. ఆయన మంచాన పడ్డప్పుడు చూడ్డానికి పోలేదు, పోయినప్పుడూ పోలేదు. ఆడదానికి ఇంత పంతమేందని చుట్టాలు చెప్పుకున్నారు. చెప్పుకోనీ. అప్పుడు కూడా, నవ్విన ఆ మనుషుల ముందర, నిజం చెప్పడానికి నాకేం అడ్డమొచ్చింది? నా చదువు అయిపోయింది, ఉద్యోగం ఉంది, బడి మాన్పించే వాళ్ళెవరూ లేరు. పెదనాన్న మీద కోపం ఎంత పెద్దదిగా ఉంటే, దాని వెనక నేను అంత బాగా దాక్కోవచ్చు. ఇదీ ఆ ఫోటో చూసినప్పుడు కోపంతో పాటు వచ్చిన రెండోది.

సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. మొదట అరిచాను, ఆ తర్వాత మొత్తం చెప్పాను, మేష్టరు నోట్సు నుంచి నాలుగో పేట దాకా. ద్రోహం అన్న మాట తీసేసి, పేనినవాడి కూతురు చెప్పిన తప్పు మాట వల్ల మోకు తెగిందని చెక్కించమన్నాను. వాడు అంతా విని, "ఇప్పుడెందుకు చెల్లీ ఇయ్యన్నీ? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. ఆ లైను తీసేస్తాలే, పో" అన్నాడు. తీసేయడం కాదురా, నిజం రాయించమంటున్నానని మళ్ళీ అన్నాను. "ఏందమ్మా నువ్వు, ఎద్దు బొమ్మ కింద కణాల సంగతి ఎవడు చదువుతాడు?" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. వాడికి కోపం కూడా రాలేదు. వాళ్ళ నాన్న యాభై ఏళ్ళు మోసిన పగ వాడికి ఒక లైను, కొట్టేస్తే పోయేది.

వచ్చే నెల ఆ బొమ్మ నిలబడుతుంది. దాని కింద మా నాన్న మీద నింద ఉండదు, ఆయన నిర్దోషి అని కూడా ఉండదు. నేను మళ్ళీ తప్పించుకున్నాను. అందుకే రాతి మీద పడని మాట ఈ కాగితం మీద పెడుతున్నాను, నా పేరుకు తగలాల్సింది నా పేరుకే తగలనీ అని.

మొన్న కారులో ఆ వాగు మీదుగా వెళ్ళాను. మడుగు పూడిపోయింది, మట్టి తోలుకుపోయిన గోతుల్లో తుమ్మచెట్లు లేచాయి. జనుము ఇప్పటికీ చల్లుతున్నారు గానీ నార కోసం కాదు, పూతకొచ్చిన చేనును ట్రాక్టరుతో దున్ని నేలలో కలిపేస్తున్నారు, పచ్చిరొట్ట ఎరువట. మంచిదే, నేల బాగుపడుతుంది. ఎన్నాళ్ళు ఊరాలో తెలిసిన వేళ్ళు ఇక మా ఊళ్ళో ఎవరికీ అవసరం లేదు, తెలిసినవాళ్ళు మిగలనూ లేదు. నేను పిహెచ్‌డీకి చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఇన్ని రోజులని లేదు, నీటి వేడిని బట్టి, కట్టె ముదురును బట్టి చూసుకోవాలని మాత్రమే ఉంది. చూసుకోవడమెలాగో తెలిసిన మనిషి ఆ ఎనిమిదో నాటి పొద్దున మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, చేతిలో మొదలు నుంచి కొస దాకా తెగకుండా వచ్చిన నారతో, గట్టు మీద ఉన్న నన్ను చూసి, "పుస్తకంలో అట్టనే ఉందా అమ్మా?" అని అడిగాడు. ఉంది నాన్నా అన్నాను.